రెండు స్టాఫుల మీదికి పోయే ట్రిప్లెట్‌ను మ్యూజ్‌స్కోర్‌లో రాయడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నా విద్యార్థిని కోసం మ్యూజ్‌స్కోర్ అనే సంగీతలిపి సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న పియానో అభ్యాసం రాస్తున్నాను. ప్రతి ట్రిప్లెట్‌లోనూ (రెండు స్వరాల కాలంలో సమానంగా వాయించే మూడు స్వరాల గుంపు) మొదటి స్వరం ఎడమచేతిది, తక్కిన రెండూ కుడిచేతివి. కింది స్టాఫులో (స్వరాలు రాసే ఐదు గీతల వరుస) ఒక స్వరం, రెండు విరామాలు, పై స్టాఫులో ఒక విరామం, రెండు స్వరాలు వేశాను. వినడానికి సరిగానే ఉంది గాని, కాగితం మీద ఒకే గుంపుకు రెండు బ్రాకెట్లు, రెండు '3' అంకెలు, నడుమ అక్కరలేని విరామాలు కనబడి, ఆ అమ్మాయి వాటిని రెండు వేర్వేరు లయలనుకొని తడబడుతోంది. మూడింటినీ ఒకే బీమ్‌తో (స్వరాల కాడలను కలిపే మందపాటి గీత) కలపడం ఎలాగో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
ఏ స్వరం ఏ చేతిదన్న సంగతి కాసేపు పక్కనపెట్టి, మూడింటినీ పై స్టాఫులోనే ఒకే ట్రిప్లెట్‌గా రాయండి. తర్వాత మొదటి స్వరాన్ని ఎంచుకొని కంట్రోల్, షిఫ్ట్, కింది బాణం కలిపి నొక్కితే అది కింది స్టాఫులో కనబడుతుంది. లెక్కలో మాత్రం పై స్టాఫుదిగానే ఉంటుంది కనుక ట్రిప్లెట్ చెదరదు. షిఫ్ట్ మరిచిపోతే స్వరం ఒక స్థాయి కిందికి దిగిపోతుంది, చూసుకోండి. ఆపైన బీమ్ మీద రెండుసార్లు క్లిక్ చేసి, కనబడిన పిడిని స్టాఫుల మధ్యకు లాగండి. కింది స్టాఫులో మిగిలిన విరామాలను ఎంచుకొని 'వి' నొక్కితే అవి అచ్చులో కనబడవు.

జవాబు 2:
ఆదేశాలు టైపు చేసి సంగీతలిపి తయారుచేసే లిలీపాండ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికీ సూత్రం ఇదే. ట్రిప్లెట్ ఆదేశం లోపలే, కిందికి దిగవలసిన స్వరానికి ముందు 'చేంజ్ స్టాఫ్' ఆదేశంతో కింది స్టాఫు పేరు, తర్వాతి స్వరానికి ముందు మళ్లీ పై స్టాఫు పేరు రాయాలి. కింది స్టాఫు ఖాళీగా ఉంటే, అది నిలిచి ఉండేందుకు కనబడని విరామాలతో నింపాలి.

ఎడమచేతికి వేరే లయ కూడా చేర్చదలిస్తే, ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యూసీ పియానో రచన మొదటి అరబెస్క్‌లో మూడుకు రెండు ఎదురైనట్టు, నిలువు వరుసలను తప్పక పరిశీలించండి: ఎడమచేతి రెండో స్వరం ట్రిప్లెట్‌లోని రెండు, మూడు స్వరాలకు సరిగ్గా నడుమ పడాలి. నోటితో 'తకిట' అంటూ చేత్తో రెండు సమానమైన దెబ్బలు వేయిస్తే, రెండో దెబ్బ 'కి', 'ట'ల మధ్య పడడం పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మూడు స్వరాలూ ఒకే బీమ్‌లోకి వచ్చాయి. బీమ్‌ను లాగాక '3' అంకె దానికి అడ్డుపడింది గాని, అంకెను ఎంచుకొని 'ఎక్స్' నొక్కగానే అవతలి వైపుకు మారింది.