పన్నెండు రాత్రులు, ఏడు బాల్కన్ రాజధానులు: ప్లాన్ చూసి చెప్పండి

సుధ_కూకట్‌పల్లి:
దసరా సెలవుల్లో నేను, మావారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి బాల్కన్ దేశాలకు వెళ్దామనుకుంటున్నాం. ముగ్గురికీ మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే ఒకే వీసా) ఉంది. మార్చితో గడువు అయిపోతుంది. ప్లాన్ ఇది: సోఫియా (బల్గేరియా) 2 రాత్రులు, స్కోప్యే (ఉత్తర మాసిడోనియా) 2, ప్రిష్టినా (కొసోవో) 1, తిరానా (అల్బేనియా) 2, పోడ్గోరిత్సా (మాంటెనెగ్రో) 1, సారయేవో (బోస్నియా) 2, బెల్‌గ్రేడ్ (సెర్బియా) 2. అక్కణ్ణుంచి హైదరాబాద్ విమానం. మధ్యలో అన్నీ బస్సులే. వీటిలో బల్గేరియా ఒక్కటే షెంజెన్, మిగతా ఆరు దేశాలూ ఈ వీసా చూసి రానిస్తాయి. మరీ ఎక్కువ పెట్టుకున్నామా? తీసేయాల్సి వస్తే ఏది తీసేయాలి?

శ్రీను_స్టుట్‌గార్ట్:
సుధ గారూ, నా మాట వింటే అయిదు తీసేయండి. సారయేవో, బెల్‌గ్రేడ్ ఉంచుకోండి, చాలు. మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి, బస్సెక్కాక తెలుస్తుంది. పోడ్గోరిత్సా నుంచి సారయేవోకి దూరం పెద్దగా లేదు కానీ కొండల్లో ఇరుకు రోడ్డు, మధ్యలో సరిహద్దు, ఆరు గంటలు వేసుకోండి. సారయేవో నుంచి బెల్‌గ్రేడ్‌కి ఇంకో ఏడు గంటలు, నేరుగా రైలు లేదు. సోఫియా, స్కోప్యేల మధ్య అయితే రైలు దారే పూర్తి కాలేదు. ఆరు ప్రయాణాలంటే ఆరు పగళ్ళు బస్సులోనే అయిపోతాయి. సాయంత్రం గది వెతుక్కుని, తిని పడుకుని, పొద్దున్నే మళ్ళీ పెట్టెలు సర్దుకోవడం. అమ్మాయికి ఏం గుర్తుంటుంది?

సారయేవో విడిగా చెప్పాలి. బోస్నియా యుద్ధంలో, 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ఆ ఊరిని చుట్టుముట్టి ఉంచారు. చుట్టూ కొండలు, కొండల మీద ఫిరంగులు, కింద జనం. 1993లో విమానాశ్రయం కింద ఎనిమిది వందల మీటర్ల సొరంగం తవ్వుకుని తిండీ మందులూ తెచ్చుకున్నారు. దాంట్లో ఇప్పుడు కొద్ది మీటర్లే చూపిస్తారు, అదీ ఊరి చివర ఉంటుంది, అక్కడికే సగం పూట పోతుంది. బాంబులు పడిన గుంటల్లో ఎర్ర రంగు పోసి వదిలేశారు, నడుస్తుంటే కాళ్ళ కింద కనిపిస్తాయి. ఆ ఊళ్ళో రెండు రాత్రులంటే నాకు మనసొప్పట్లేదు.

వాసు_గాజువాక:
మిగతావి మీ ఇష్టం. ప్రిష్టినా మాత్రం తీసేయండి. పాస్‌పోర్టులో కొసోవో ముద్ర ఉంటే సెర్బియాలోకి రానివ్వరు. నేను ప్రిష్టినాలో బెల్‌గ్రేడ్ బస్సెక్కితే సరిహద్దులో దింపేశారు. రాత్రిపూట, సామాన్లతో. వెనక్కి వెళ్ళి స్కోప్యే మీదుగా తిరిగి రావాల్సొచ్చింది. బెల్‌గ్రేడ్ హోటల్ డబ్బులు పోయాయి. ఆ టికెట్ కొనిపెట్టిన ట్రావెల్ ఏజెంట్ నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

లత_హన్మకొండ:
వాసు గారూ, మిమ్మల్ని ఆపింది ముద్ర చూసి కాదు, నేరుగా వెళ్ళినందుకు. సెర్బియా కొసోవోను వేరే దేశంగా ఒప్పుకోదు. వాళ్ళ లెక్కలో మీరు అప్పటికే సెర్బియా లోపల ఉన్నారు, కానీ లోపలికి వచ్చినట్టు ఎంట్రీ ముద్ర లేదు. సుధ గారు తిరానా, పోడ్గోరిత్సా, సారయేవో తిరిగి బోస్నియా సరిహద్దు దాటుతారు. అది మామూలు సరిహద్దు.

వాసు_గాజువాక:
దారి ఏదైనా ముద్ర ముద్రే కదండీ. ఆఫీసర్ పేజీ తిప్పుతాడా లేదా? వాడి మూడ్ బాగోకపోతే మీరు వెళ్ళి మాట్లాడతారా?

రమణ_తిరుపతి:
వెజ్ దొరుకుతుందా అక్కడ?

లత_హన్మకొండ:
దొరుకుతుంది. సారయేవోలో పాలకూర పొరల రొట్టె జెల్యానిత్సా, బంగాళాదుంపది క్రొంపిరూషా అని అడగండి. స్కోప్యేలో మట్టి మూకుడులో కాల్చిన చిక్కుడు గింజలు, తావ్చే గ్రావ్చే. ఐవర్ అని ఎర్ర మిరపకాయల పచ్చడి అన్ని చోట్లా ఉంటుంది, కారం మాత్రం ఉండదు.

నెల్లూరు_మాస్టారు:
అమ్మా సుధా, నీ ప్లాన్ బాగుంది, ఒక్కటి కూడా తీసేయకు. నేనూ మా ఆవిడా రిటైరయ్యాక ప్యాకేజీలో ఇవే ఊళ్ళు చూశాం. సోషల్ చెప్పిన వాణ్ణి. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజును సారయేవోలో కాల్చారని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాణ్ణి. లాటిన్ బ్రిడ్జి దగ్గర ఆ మూల మీద నిలబడ్డప్పుడు కాళ్ళు వణికాయి. బెల్‌గ్రేడ్‌లో యుగోస్లావియా అధ్యక్షుడు టిటో సమాధి చూశాను. 1961లో అలీన దేశాల మొదటి మహాసభ ఆ ఊళ్ళోనే జరిగింది, నెహ్రూ వెళ్ళాడు. స్కోప్యేలో మదర్ థెరిసా పుట్టింది, 1910లో. అక్కడే పాత రైల్వే స్టేషన్ గడియారం 5:17 దగ్గర ఆగిపోయి ఉంటుంది. 1963 జులై 26 తెల్లవారుజామున భూకంపం వచ్చిన క్షణం అది. వెయ్యి మందికి పైగా పోయారు. ఇవన్నీ చూడటానికి నాకు ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు సరిపోయింది. మీ అమ్మాయికీ సరిపోతుంది.

శ్రీను_స్టుట్‌గార్ట్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. బస్సు దిగి, గైడు చెప్పింది విని, ఫొటో దిగి బస్సెక్కడాన్ని చూడటం అనలేం. ఆ మూల మీద ఇప్పుడు చిన్న మ్యూజియం ఉంది, లోపలికి వెళ్ళారా? పోడ్గోరిత్సాలో ఏం చూశారు? రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఊరంతా నేలమట్టమైంది, 1946 నుంచి 1992 దాకా దాని పేరు టిటోగ్రాడ్. పాత ఊరు కొంచెమే మిగిలింది. దానికి ఒక రాత్రి దండగ.

లత_హన్మకొండ:
పోడ్గోరిత్సా రాత్రి దండగ కాదు. తిరానా నుంచి సారయేవోకి ఒక్క రోజులో వెళ్తే పిల్ల అలిసిపోతుంది. మధ్యలో ఎక్కడో పడుకోవాలి కదా. దగ్గర్లోనే పాత రాజధాని త్సెతిన్యే ఉంది, మధ్యాహ్నం వెళ్ళి రావచ్చు.

వాసు_గాజువాక:
అందరూ నా పాయింట్ వదిలేశారు. మన దేశం కూడా కొసోవోను గుర్తించలేదు. అక్కడ పాస్‌పోర్టు పోతే మన ఎంబసీ ఉండదు. ఆడపిల్లతో వెళ్తున్నారు.

లత_హన్మకొండ:
ఎంబసీ మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ స్కోప్యే నుంచి ప్రిష్టినా రెండు గంటల లోపు దారి. రాత్రి ఉండకుండా పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

నెల్లూరు_మాస్టారు:
శ్రీనుబాబూ, చూడటం ఏమిటో నువ్వు నాకు నేర్పక్కర్లేదు. మ్యూజియంలోకి వెళ్ళాను. గోడ మీద ప్రతి కాగితమూ చదివాను. మా బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నా రాలేదు.

నీకు శుక్రవారం సాయంత్రం విమానం ఎక్కితే సారయేవో. నచ్చకపోతే దిగొస్తావు, నచ్చితే మళ్ళీ వెళ్తావు. నీ జేబులో జర్మనీ నివాస కార్డు ఉంది. నాకు మొదటిసారి ఒక ఎంబసీ వాళ్ళు వీసా ఇవ్వలేదు. ఎందుకో తెలుసా? తిరిగి వస్తానన్న నమ్మకం లేదట! ఊళ్ళో సొంత ఇల్లు, పెన్షను, మనవలు ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు? రెండోసారి బ్యాంకు కాగితాలు, డిపాజిట్ రసీదులు, ఇంటి దస్తావేజులు అన్నీ మోసుకుని చెన్నై వెళ్ళాం. ఆ వీసాతో ఎన్ని ఊళ్ళు చూడగలిగితే అన్నీ చూడాలనుకున్నాం. మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు, మా ఆవిడ మోకాళ్ళ మీదా నమ్మకం లేదు. మాలాంటి వాళ్ళకు నెమ్మదిగా తిరగమని సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ నీలాగా అక్కడే ఉండేవాళ్ళే.

ప్రసాద్_దల్లాస్:
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

రమణ_తిరుపతి:
శ్రీను గారు ఎవరినీ తక్కువ చేయలేదు కదా. ఎందుకంత కోపం?

శ్రీను_స్టుట్‌గార్ట్:
ఈ కార్డు రావడానికి నేను ఎన్నేళ్ళు ఇళ్ళ అద్దె కాగితాలు, జీతం కాగితాలు పట్టుకుని ఆఫీసుల ముందు నిలబడ్డానో మీకు తెలియదు మాస్టారూ. అది పక్కన పెట్టండి. నాకు బాధ వేరే ఉంది.

మా ఆఫీసులో నా పక్క సీటు ఆయనది సారయేవో. ముట్టడి సమయంలో పదేళ్ళ పిల్లాడు. ఆ యుద్ధం రోజుల్లో మూడు లక్షల పైచిలుకు బోస్నియా వాళ్ళు జర్మనీకి వచ్చారు, వాళ్ళ కుటుంబం అందులో ఒకటి. సెలవులకు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తే, వాళ్ళింటి ముందు వీధిలో ఆ ఎర్ర గుర్తు మీద కాళ్ళు పెట్టి జనం ఫొటోలు దిగుతుంటారట. అక్కడ పోయింది వాళ్ళ పక్కింటివాళ్ళు. ఆ గుంపుల్లో మన దేశం వాళ్ళనూ చూశానని నాతో చెప్పాడు. ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. ముట్టడి మొదలై ఇరవై ఏళ్ళయిన రోజున, 2012లో, ఆ ఊరి పెద్ద వీధిలో చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక ఎర్ర కుర్చీ చొప్పున 11,541 కుర్చీలు ఖాళీగా వేశారు. అలాంటి ఊరికి వెళ్తే కాసేపు ఆగాలి, ఎవరో ఒకరితో మాట్లాడాలి. నేనడిగేది అంతే. మీరు ఎన్ని ఊళ్ళు చూస్తే నాకేంటి?

నెల్లూరు_మాస్టారు:
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. నేను ఆ గుర్తు మీద కాలు పెట్టలేదు బాబూ. మా ఆవిడ చెప్పులు విప్పి పక్కనుంచి నడిచింది. గైడు నవ్వాడు, మేం నవ్వలేదు. కానీ నువ్వు చెప్పింది ఆగడం గురించి, రాత్రుల లెక్క గురించి కాదు. రెండు రోజులుండి మర్యాదగా మసలేవాళ్ళు ఉంటారు, వారం రోజులుండి తాగి గోల చేసేవాళ్ళూ ఉంటారు. ఆగాలంటే వారం ఉండాలనే నీ లెక్క నేను ఒప్పుకోను.

శ్రీను_స్టుట్‌గార్ట్:
వారం అనలేదు. తొందరలో ఉన్నవాడికి ఆగాలని గుర్తుండదు అంటున్నాను. బస్సు టైము మనసులో తిరుగుతుంటే సొరంగం దగ్గర కూడా గడియారమే చూస్తాం.

నెల్లూరు_మాస్టారు:
గడియారం చూసుకుంటూనే పిల్లలకు పాఠం చెప్పాను ఇన్నేళ్ళూ. చెప్పాల్సింది చెప్పాను.

కిరణ్_బెంగళూరు:
ఈ దేశాల్లో యూరోపియన్ యూనియన్ రోమింగ్ పని చేయదు, బల్గేరియాలో మాత్రమే. వేరే సిమ్ చూసుకోండి.

వాసు_గాజువాక:
ముద్ర గురించి ఎవరైనా ఈ మధ్య వెళ్ళినవాళ్ళు చెప్పండి. లత గారు వెళ్ళారా అసలు?

లత_హన్మకొండ:
వెళ్ళాను. కొసోవో తర్వాత మాంటెనెగ్రో, అక్కణ్ణుంచి బోస్నియా, ఆ మీదట బెల్‌గ్రేడ్. ముద్ర ఉన్న పేజీ చూశారు, షెంజెన్ వీసా చూశారు, పంపించారు.

వాసు_గాజువాక:
మీకు పంపించారు. నన్ను దింపేశారు.

సుధ_కూకట్‌పల్లి:
అందరికీ థాంక్స్. మావారితో కూర్చుని మాట్లాడాను. ప్రిష్టినాలో రాత్రి తీసేశాం. స్కోప్యేలోనే సామాన్లు పెట్టి ఒక పగలు వెళ్ళి వస్తాం. అమ్మాయి అక్కడి జాతీయ గ్రంథాలయం ఫొటో చూసి దానికోసం పట్టుబట్టింది, పూర్తిగా వదలడం కుదరదు. మిగిలిన రాత్రి సారయేవోకి ఇచ్చాం, మూడవుతాయి. వాసు గారూ, కొసోవో నుంచి నేరుగా సెర్బియా వైపు వెళ్ళం, వెనక్కి స్కోప్యేకే వస్తాం.

శ్రీను గారూ, మీరు చెప్పింది అమ్మాయికి చదివి వినిపించాను. మాస్టారూ, మా వీసా మార్చితో అయిపోతుంది, అందుకే ఇన్ని ఊళ్ళు. తర్వాతి ఏడాది దాని పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో మాకూ తెలియదు.

శ్రీను_స్టుట్‌గార్ట్:
మూడు మంచిదే. కానీ స్కోప్యేకి మీకు మిగిలింది ఒక్క పూట. పాత బజారు, వర్దార్ నది మీద రాతి వంతెన, మాస్టారు చెప్పిన గడియారం, ఇవన్నీ ఒక్క పూటలో అవ్వవు. తిరానాలో ఒకటి తగ్గించి ఇక్కడ పెట్టండి.

నెల్లూరు_మాస్టారు:
తిరానా తగ్గించకు తల్లీ. ఊరి మధ్యలోనే నేల కింద బంకరు ఉంది, ఇప్పుడు మ్యూజియం చేశారు. అల్బేనియా నియంత హోజా రోజుల్లో సొంత జనం మీదే ఎలా నిఘా పెట్టారో అందులో చూపిస్తారు. అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళు. పార్టీ పెద్దలుండిన బ్లాకు అనే పేట కూడా చూపించు, ఒకప్పుడు మామూలు మనిషి అందులో అడుగు పెట్టడానికి వీల్లేదు. కావాలంటే సోఫియాలో ఒకటి తగ్గించు.

సుధ_కూకట్‌పల్లి:
సోఫియాలో తగ్గించలేం మాస్టారూ, విమానం దిగేది రాత్రి పదకొండింటికి. తిరానా, స్కోప్యే సంగతి బస్సు టైములు చూశాక తేల్చుకుంటాం. స్కోప్యే నుంచి తిరానాకు పొద్దున బస్సు ఎన్నింటికో ఎవరికైనా తెలిస్తే రాయండి.