వైఫై పెట్టాక పొటెన్షియోస్టాట్ గీత రంపపు పళ్లలా వస్తోంది: తప్పు తరంగాలదేనా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, అమలాపురం)

రొయ్యల చెరువుల నీటిలోని నైట్రైట్‌ను కార్బన్ ఎలక్ట్రోడ్ మీద, వోల్టేజి పెట్టి కరెంటు కొలిచే పరికరమైన పొటెన్షియోస్టాట్‌తో కొలుస్తున్నాను. వచ్చే కరెంటు కొన్ని పదుల నానోఆంపియర్లే. ఇరవై రోజుల క్రితం ప్రాంగణమంతా వైఫై పెడుతూ నా బల్లకు రెండు మీటర్ల పైన ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) బిగించారు. అప్పటినుంచి నునుపుగా రావలసిన కరెంటు గీత రంపపు పళ్లలా వస్తోంది. దాన్ని జరపమని అడిగితే, వైఫైకీ దీనికీ సంబంధమే లేదని చెప్పి పంపేశారు. నిజంగా లేదా? ఉంటే ఎలా నిరూపించాలి?

జవాబు (ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, కాకినాడ)

లేదని కొట్టిపారేయడం వారి తొందర. ఉందని ముందే తేల్చుకోవడం మీ తొందర కాకూడదు. వైఫై తరంగం 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, మీరు కొలిచే కరెంటు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి, ఆ తరంగం ఉన్నదున్నట్టుగా మీ గీతలో కనిపించదు. అయితే ఎలక్ట్రోడ్ తీగ యాంటెన్నాలా పనిచేసి దాన్ని లోపలికి చేరవేస్తే, ఆంప్లిఫయర్ మొదటి దశలోని ట్రాన్సిస్టర్లు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లా ప్రవర్తించి, తరంగాన్ని వదిలేసి, అది వచ్చి ఆగే లయను మాత్రం బయటపెడతాయి. పాత జీఎస్ఎం ఫోను మోగబోయే ముందు పక్కనున్న స్పీకరులో వినిపించే బరబర చప్పుడు ఇదే. ఆ లయ సెకనుకు 217 సార్లు. ఎవరూ వాడకపోయినా యాక్సెస్ పాయింట్ సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. కాబట్టి గీతను సాగదీసి చూడండి: పళ్లు సెకనుకు సుమారు పది ఉంటే వైఫై రేడియోను అనుమానించాలి, యాభై ఉంటే కరెంటు లైనును. యాక్సెస్ పాయింట్ పంపే 100 మిల్లీవాట్లు అన్ని వైపులకూ సమానంగా వెళ్తాయనుకుంటే, రెండు మీటర్ల దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు 0.9 వోల్టుల లోపే. దూరం రెట్టింపైతే అది సగమవుతుంది.

జవాబు (విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం)

అమ్మా, మాస్టారు చెప్పింది సబబే కానీ, ముందు గోడ మీది పెట్టెను కాదు, దాని అడాప్టరును ఏ ప్లగ్గులో పెట్టారో చూడండి. చవక అడాప్టర్లు చేసే అల్లరి తరంగాల అల్లరి కంటే ఎక్కువని నా అనుభవం. సెట్టింగుల్లోకి వెళ్లి రేడియోను మాత్రం ఆపించి ఒకసారి, అడాప్టరును పీకేసి ఇంకోసారి గీత తీయండి. రెండుసార్లూ సెల్ (ఎలక్ట్రోడ్లు, నీరు ఉన్న పాత్ర) బదులు ఒక మెగా ఓమ్ రెసిస్టర్ తగిలిస్తే, నీటి మీదా ఎలక్ట్రోడ్ మీదా అనుమానం ఉండదు. మన డెల్టాలో నేల ఎప్పుడూ తడే కదా, ఎర్త్‌కేం ఢోకా అనుకుంటాం. ఆ ఉప్పు తడే ఎర్త్ తీగను బిగించే క్లాంపును తినేస్తుంది. చివరగా, 15 కిలోల నూనె డబ్బా ఒకటి కోసి, శుభ్రంగా కడిగి, సెల్ మీద బోర్లించి, పరికరం వెనకున్న గ్రౌండ్ టెర్మినల్‌కు తీగతో కలపండి. ఫారడే పంజరం (బయటి తరంగాలను ఆపే లోహపు పెట్టె) కొననక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు

చెప్పినవన్నీ చేశానండి. రేడియో ఆపించినా పళ్లు పోలేదు; సెకనుకు యాభై చొప్పున అలాగే ఉన్నాయి. అడాప్టరు పీకగానే చాలావరకు తగ్గాయి. నా పరికరం, ఆ అడాప్టరు ఒకే బోర్డులో ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ ఆ బోర్డు విప్పితే, ఎర్త్ తీగ స్క్రూ కింద లేదు, పక్కన ఊరికే ఆనుకుని ఉంది, కొస పచ్చగా చిలుము పట్టింది. దాన్ని బిగించి, అడాప్టరును వరండాలోని ప్లగ్గుకు మార్చాక గీత నునుపుగా వస్తోంది. యాక్సెస్ పాయింట్ మాత్రం ఉన్నచోటే ఉంది. నూనె డబ్బా తీసేసి, ఫోనును ఎలక్ట్రోడ్ తీగ పక్కనే పెట్టి వీడియో డౌన్‌లోడ్ చేస్తే గీత కొద్దిగా వణికింది, కాబట్టి మాస్టారు చెప్పిన దారి కూడా ఉన్నదే. ఫోను ఇక బయటి గదిలో పెడుతున్నాను. ఇరవై రోజుల కొలతలు ఎలాగూ పనికిరావు. నైట్రైట్ నమూనాలు అన్నాళ్లు నిలవవు కనుక, సోమవారం నుంచి మళ్లీ చెరువు గట్లకు వెళ్లాలి.