‘ది మార్షియన్’ నవలలో ఉండి సినిమాలో లేనివి: పిల్లలకు ఏది చేసి చూపించాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట)
తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారం ‘ది మార్షియన్’ (2015) సినిమా వేస్తున్నాం. ఆండీ వియర్ నవల మా స్కూలు లైబ్రరీలో ఉంది. సినిమా అయ్యాక ఒక గంట దొరుకుతుంది. సినిమాలో వదిలేసినవాటిలో సైన్సు పాఠానికి పనికొచ్చేవి ఏవండీ? చేసి చూపించేది ఒక్కటైనా ఉంటే మేలు.

జవాబు (విజయవాడ)
మేడమ్, దుమ్ము తుఫాను తీసుకోండి. నవల రెండో సగంలో అసలు పట్టంతా అక్కడే ఉంది.

అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన మార్క్ వాట్నీ, తిరిగి బయటపడేందుకు నౌక ఉన్న స్కియాపరెల్లీ బిలానికి రోవర్ బండిలో చేసే 3,200 కిలోమీటర్ల ప్రయాణం సినిమాలో నిమిషాల్లో అయిపోతుంది. నవలలో బయల్దేరకముందే దెబ్బ తగులుతుంది. రోవర్‌ని సిద్ధం చేస్తుండగా డ్రిల్లు కరెంటు పాత్‌ఫైండర్‌లోకి (భూమితో మాట్లాడటానికి అతను వాడుతున్న పాత నాసా నౌక) పారి అది కాలిపోతుంది. ఇక భూమి నుంచి ఒక్క మాట కూడా రాదు. అతను రాళ్లు పేర్చి మోర్స్‌లో కబురు చెప్పగలడు, అంతే. అందుకే దారిలో తుఫాను ఉందని నాసాకి కనిపిస్తున్నా హెచ్చరించలేదు. సినిమాలో పాత్‌ఫైండర్ పాడవదు కాబట్టి దారిలో ఈ తుఫాను కష్టం కూడా ఉండదు. ఒక ముడి విప్పితే రెండోది దానంతటదే ఊడిపోయింది. పిల్లలకు ముందు ఈ లంకె చెప్పండి.

తుఫాను మధ్యలో ఉన్నవాడికి అది కనబడదు, వెలుగు కొంచెం కొంచెంగా తగ్గుతుందంతే. రోవర్ నడిచేది సోలార్ కరెంటుతోనే. అతను సోలార్ సెల్స్‌ని దూరదూరంగా పెట్టి, ఎక్కడ ఎంత కరెంటు వచ్చిందో పోల్చి, దక్షిణానికి తిరుగుతాడు.

చేసి చూపించడానికి: 6 వోల్టులు, 100 మిల్లీఆంపియర్ల చిన్న సోలార్ ప్యానెల్ ఒకటి, మామూలు మల్టీమీటర్, ట్రేసింగ్ పేపర్. మీటర్‌ని డీసీ 200 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టి, ప్రోబులు నేరుగా ప్యానెల్ తీగలకు తాకించండి. కాగితం లేకుండా వచ్చిన అంకె 100 శాతం. తర్వాత ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలు. బోర్డు మీద గుంటూరు, మంగళగిరి, విజయవాడ అని రాసి వరసగా ఆ అంకెలు వేయండి. తుఫాను ఎటుంది, బండి ఎటు తిప్పాలి అని అడగండి.

అదే గుంపులో మరో జవాబు
వోల్టులు కొలవొద్దండీ, ఎక్కువమంది తప్పేది అక్కడే. వెలుగు సగమైతే కరెంటు కూడా దాదాపు సగమవుతుంది, వోల్టేజి మాత్రం కాస్తే తగ్గుతుంది. అప్పుడు పిల్లలకు తేడా తెలీదు. ప్యానెల్ వంపు మారినా అంకె మారుతుంది కాబట్టి ఇటుకకు ఆనించి కదలకుండా ఉంచండి. మధ్యాహ్నం పదకొండు, ఒంటిగంట మధ్య, మబ్బు లేనప్పుడు చేయండి. ఇంకొకటి, మీటర్ కరెంటు మీదే ఉండగా ఎవరైనా బ్యాటరీకి తాకిస్తే లోపలి ఫ్యూజు పోతుంది. పని కాగానే నాబ్ తిప్పేయండి.

ప్రశ్నించినవారు
చాలా థాంక్స్ అండీ. నీళ్లు తయారుచేసే ఘట్టం సంగతేంటి? సినిమాలో పేలుడు ఒక్కటే గుర్తుండిపోతుంది.

జవాబు (విజయవాడ)
అది బోర్డు మీద లెక్కగానే చేయండి. అతను నీళ్ల కోసం వాడే రాకెట్ ఇంధనం హైడ్రజీన్, దాన్నుంచి వచ్చే హైడ్రోజన్ రెండూ తరగతిలో ముట్టుకోవద్దు. కిలో హైడ్రజీన్ విడిపోతే 125 గ్రాముల హైడ్రోజన్, 875 గ్రాముల నత్రజని వస్తాయి. ఆ హైడ్రోజన్ కాలడానికి కిలో ఆక్సిజన్ కావాలి. వచ్చే నీళ్లు కిలోకి పైన 125 గ్రాములు. నవలలో కాలకుండా మిగిలిన హైడ్రోజన్ గాల్లో 64 శాతానికి చేరుతుంది. ఆక్సిజన్ తీసేసి, కొంచెం కొంచెంగా వదులుతూ కాల్చేయాలని చూస్తాడు. తను వదిలే ఊపిరిలోనూ ఆక్సిజన్ ఉంటుందన్నది లెక్కలో మర్చిపోతాడు, అందుకే పేలుతుంది. పిల్లలకు చూపాల్సింది ఆ తప్పు.

ముగింపు కూడా పోల్చించండి. అంతరిక్ష సూట్ గ్లోవ్‌కి చిల్లు పెట్టి, బయటికొచ్చే గాలి తోపుతో ఎగరడం నవలలో మాటవరకే, సినిమాలో నిజంగా చేస్తాడు. నవలలో అతన్ని అందుకునేది తోటి వ్యోమగామి బెక్, సినిమాలో ఆ బృందం కమాండర్ లూయిస్.