డీఎఫ్‌టీ ఐగెన్ వెక్టర్లు హెర్మైట్ ఫంక్షన్లలా రావడం లేదు, ఎందుకు?

సిగ్నల్_బండి
64×64 డీఎఫ్‌టీ (డిస్క్రీట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్) మ్యాట్రిక్స్‌ను 1/√64తో గుణించి, పైథాన్ లైబ్రరీ నంపైలో ఐగెన్ వెక్టర్లు (మ్యాట్రిక్స్‌తో గుణిస్తే ఒక అంకె రెట్లయ్యేవి; ఆ అంకే ఐగెన్ విలువ) లెక్కించే "ఐగ్"కి ఇస్తే ఐగెన్ విలువలు 1, −1, ఐ, −ఐ (ఐ = √−1) అనే వస్తున్నాయి. వెక్టర్లు మాత్రం గీసి చూస్తే అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఒకదానికొకటి లంబంగా కూడా లేవు. పుస్తకాల్లోనేమో ఫోరియర్ ఐగెన్ ఫంక్షన్లు హెర్మైట్ ఫంక్షన్లే (గాసియన్‌ను పాలినామియల్‌తో గుణించినవి) అని ఉంటుంది. తేడా ఎక్కడ?

లంబకోణం
నంపై తప్పేం చేయలేదండీ. ఫోరియర్‌ను వరసగా నాలుగుసార్లు చేస్తే మొదటి ఫంక్షనే తిరిగొస్తుంది, కాబట్టి ఐగెన్ విలువలు ఆ నాలుగే. 64 డైమెన్షన్లూ ఆ నాలుగింటి మధ్యే పంచుకోవాలి: 1కి 17, −1కి 16, −ఐకి 16, ఐకి 15. 17 డైమెన్షన్ల స్పేస్‌లో ఏ వెక్టర్ తీసుకున్నా ఐగెన్ వెక్టరే. అందులో "ఐగ్" తనకు తోచిన బేసిస్ ఇస్తుంది. విలువలు ఇలా రిపీట్ అయినప్పుడు లంబంగా ఉంటాయన్న గ్యారంటీ దానికి లేదు.

ముందు ట్రేస్ (డయాగొనల్ అంకెల మొత్తం, ఐగెన్ విలువల మొత్తానికి సమానం) చూడండి. 17 − 16 − 16ఐ + 15ఐ, అంటే 1 − ఐ రావాలి. 1 + ఐ వస్తే ఎక్స్‌పొనెంట్‌లో గుర్తు తిరగబడింది. 8 − 8ఐ వస్తే 1/√64 మర్చిపోయినట్టు.

కొసైన్ కుర్రోడు
మందు ఏమిటంటే, డీఎఫ్‌టీతో కమ్యూట్ అయ్యే (ఏ వరసలో గుణించినా ఒకే ఫలితం ఇచ్చే) ఇంకో మ్యాట్రిక్స్ పట్టుకోవడం. డయాగొనల్‌లో 2కాస్(2πకె/64), కె 0 నుంచి 63 దాకా. దానికి అటూ ఇటూ 1లు. పై కుడి మూలలో, కింది ఎడమ మూలలో కూడా 1. ఈ మూలలు వదిలేస్తే కమ్యూట్ కాదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఇది రియల్, సిమెట్రిక్, కాబట్టి "ఐగ్‌హెచ్" (అలాంటి మ్యాట్రిక్స్‌లకు లంబ వెక్టర్లే ఇచ్చే నంపై ఫంక్షన్) వాడొచ్చు. అయినా ఒక మెలిక ఉంది: సైజు 4తో భాగించబడితే సున్నా ఐగెన్ విలువ రెండుసార్లు వస్తుంది, ఆ రెండు వెక్టర్లూ కలిసిపోతాయి. అందుకే ముందే సరి, బేసి భాగాలుగా విడగొట్టండి. కె, 64−కె స్థానాల మొత్తం/√2 ఒక గుంపు (0, 32 స్థానాలు ఉన్నవి ఉన్నట్టే), భేదం/√2 ఇంకో గుంపు. 33, 31 సైజుల బ్లాకులొస్తాయి, రెండూ ట్రైడయాగొనలే. ఒక్కో బ్లాకులో ఏ విలువా రిపీట్ కాదు.

"ఐగ్‌హెచ్" చిన్న విలువ నుంచి పేరుస్తుంది, మీరు పెద్దదాని నుంచి చదవండి. సరి బ్లాకులో మొదటిది గాసియన్ లాంటిది; వరసగా ఎన్ (హెర్మైట్ ఫంక్షన్ వరస సంఖ్య) = 0, 2, 4… 64. బేసి బ్లాకులో 1, 3… 61. 63 ఉండదు! ఎన్‌వ వెక్టర్ ఐగెన్ విలువ (−ఐ)^ఎన్ కాబట్టి, ఐకి 15 మాత్రమే ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

సిగ్నల్_బండి
బ్లాకులుగా చేస్తే చక్కగా వచ్చాయి, థాంక్సండీ. అసలు హెర్మైట్ ఫంక్షన్లకే శాంపిల్స్ తీసుకుంటే సరిపోదా?

లంబకోణం
ఎన్ చిన్నదైతే సరిపోతుంది. స్టెప్ √(2π/64) = 0.3133 ఉండాలి, వేరేది పెడితే ఐగెన్ అవదు. అప్పుడు గ్రిడ్ దాదాపు ±10 దాకా పోతుంది. హెర్మైట్ ఫంక్షన్ √(2ఎన్+1) దాకా ఊగి ఆ తర్వాత పడిపోతుంది. ఎన్ = 20కి అది 6.4, ఇబ్బంది లేదు. 30 దగ్గర నాలుగో దశాంశంలో తేడా మొదలవుతుంది. 50కి చేరితే ఊగే భాగమే అంచుకు తగులుతుంది, ఇక పనికిరాదు.

పాలినామియల్ కట్టి √(2^ఎన్ · ఎన్! · √π)తో భాగించకండి. ఎన్ = 151కే 2^ఎన్ · ఎన్! డబుల్ ప్రెసిషన్ దాటిపోతుంది. నార్మలైజ్ చేసిన వాటి మీదే నడపాలి: తర్వాతిది = √(2/(ఎన్+1)) · ఎక్స్ · ప్రస్తుతది − √(ఎన్/(ఎన్+1)) · ముందుది.

ఎఫ్‌ఎఫ్‌టీ (డీఎఫ్‌టీని వేగంగా లెక్కించే పద్ధతి) ముందు "ఐఎఫ్‌ఎఫ్‌టీషిఫ్ట్" (మధ్యలోని సున్నాను మొదటికి జరపడానికి), తర్వాత "ఎఫ్‌ఎఫ్‌టీషిఫ్ట్" (తిరిగి మధ్యకు) తప్పనిసరి. లేకపోతే శాంపిల్ శాంపిల్‌కీ గుర్తు మారుతూ రంపపు పళ్లలా వస్తుంది.

పార్సెవల్ ఫ్యాన్
హెర్మైట్ ఒక్కటే కాదు సుమా. 1/√(2π) కన్వెన్షన్‌లో ఏ సరి ఫంక్షన్‌కైనా దాని ట్రాన్స్‌ఫామ్ కలిపితే ఐగెన్ విలువ 1 ఉన్న ఫంక్షన్ తయారు. ఉదాహరణకు ఈ^(−|ఎక్స్|) + √(2/π)/(1+ఎక్స్²). బేసి ఫంక్షన్‌కు మాత్రం దాని ట్రాన్స్‌ఫామ్‌ను ఐతో గుణించి కలపాలి, విలువ −ఐ వస్తుంది.

కన్వెన్షన్ కలపకండి. ఎక్స్‌పొనెంట్‌లో 2π ఉంటే మారని గాసియన్ ఈ^(−πఎక్స్²), లేకపోతే ఈ^(−ఎక్స్²/2). ముందు 1/√(2π) వదిలేస్తే విలువలన్నీ 2.5066 రెట్లవుతాయి.

గామా_గ్రంథి
ఇదే ధోరణిలో లాప్లాస్‌కు (ఈ^(−ఎస్ఎక్స్)తో గుణించి 0 నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేసే ట్రాన్స్‌ఫామ్) పోతే పప్పులో కాలేసినట్టే. 1/√ఎక్స్ లాప్లాస్ √π/√ఎస్, అంటే ఐగెన్ విలువ √π = 1.772. 0, 1 మధ్య ఏ ఎ తీసుకున్నా √Γ(ఎ) · ఎక్స్^(−ఎ) + √Γ(1−ఎ) · ఎక్స్^(ఎ−1) కూడా ఐగెన్ ఫంక్షనే, విలువ √(π/సైన్ πఎ). ఎ = 1/4కి 2.108. మరి లాప్లాస్ ఆపరేటర్ నార్మ్ (స్క్వేర్ ఇంటిగ్రబుల్ ఫంక్షన్లను గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెంచుతుందో) √π కదా, అంతకన్నా పెద్ద ఐగెన్ విలువ ఎలా? వీటిలో ఏదీ స్క్వేర్ ఇంటిగ్రబుల్ కాదు కాబట్టి. ఎల్²లో (స్క్వేర్ ఇంటిగ్రబుల్ ఫంక్షన్ల స్పేస్‌లో) లాప్లాస్‌కు ఐగెన్ ఫంక్షన్లే లేవు, −√π నుంచి √π దాకా కంటిన్యువస్ స్పెక్ట్రమ్ మాత్రమే ఉంది.

అందుకే లాప్లాస్ కెర్నల్‌ను గ్రిడ్ మీద పెట్టి "ఐగ్‌హెచ్" నడిపి, వచ్చిన అంకెలను నమ్మొద్దు. గ్రిడ్ పొడిగించిన కొద్దీ అవి జరుగుతూ దట్టమవుతాయి తప్ప ఒకచోట నిలవవు. ఎక్స్ = ఈ^యూ, ఎస్ = ఈ^వీ అని పెట్టి, ఫంక్షన్‌ను ఈ^(యూ/2)తో గుణిస్తే కెర్నల్ యూ+వీ మీదే ఆధారపడుతుంది. అప్పుడు మెలిన్ ట్రాన్స్‌ఫామ్‌తో తేలిగ్గా విడిపోతుంది, యూలో సమాన దూరపు గ్రిడ్, ఎఫ్‌ఎఫ్‌టీ చాలు.