వృద్ధాశ్రమం చాపెల్ కిటికీల్లో బొమ్మలు ఉండాలా, రంగులు చాలా?

గాజుపని (హనుమకొండ):
మా దగ్గర ఒక వృద్ధాశ్రమంలో చిన్న చాపెల్ (క్రైస్తవ ప్రార్థన గది) కడుతున్నారు. తూర్పు గోడకు రెండు, పడమటి గోడకు మూడు కిటికీలు. వాటికి రంగుటద్దాల డిజైన్ నాకు అప్పజెప్పారు. డబ్బు ఇస్తున్న కుటుంబం మెదక్ చర్చిలో లాగా యేసు జననం, సిలువ, ఆరోహణం (పరలోకానికి ఎక్కిపోవడం) కావాలని పట్టుబడుతోంది. ఆశ్రమం చూసుకునే సిస్టర్ గారేమో బొమ్మలు వద్దు, కళ్లకు హాయిగా ఉండే రంగులు చాలంటున్నారు. అక్కడి పెద్దల్లో చాలామందికి చూపు తగ్గింది. కొందరికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. కొందరు క్రైస్తవులు కారు. ఎటు మొగ్గాలో తేల్చుకోలేకపోతున్నాను.

ఫాతిమానగర్ వాసి:
బొమ్మలే పెట్టండి అన్నా. మెదక్ చర్చికి పోయిన జనం ఎక్కడ ఆగి తలెత్తి చూస్తారో మీకు తెలుసు. బలిపీఠం వెనక ఆరోహణం 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ డిజైన్లు. చర్చి తెరిచింది 1924లో. మూడు కిటికీలు నిండేసరికి ముప్పై నాలుగేళ్లు పట్టింది. అయినా ఏదో ఒకటిలే అనుకోలేదు, ఓపిక పట్టి అసలైనవే పెట్టుకున్నారు. అక్షరం రాని అవ్వ కూడా యేసయ్య పుట్టిన పశువుల తొట్టిని చూపించి మనవడికి కథంతా చెప్తుంది. చివరి రోజుల్లో ఉన్న మనిషికి యేసయ్య ముఖం బదులు ఎరుపు ముక్కలు, పసుపు ముక్కలు చూపిస్తే ఏం ఓదార్పు? ఆ ఓదార్పు కోసమే కదా చాపెల్ కడుతున్నది.

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి:
ముఖం లేకుండా కూడా కథ చెప్పొచ్చు. జెరూసలేంలో హడాసా ఆస్పత్రిలోని యూదుల ప్రార్థనాలయానికి చిత్రకారుడు మార్క్ షగాల్ చేసిన పన్నెండు కిటికీలు 1962లో పెట్టారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలవి. మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. అన్నీ జంతువులు, పక్షులు, చేపలు, పూలు.

ఫ్రాన్స్‌లోని వాన్స్ చాపెల్‌కు చిత్రకారుడు మతీస్ మూడే రంగులు వాడాడు: పసుపు, ఆకుపచ్చ, నీలం. జబ్బున పడ్డప్పుడు ఆయనకు సేవ చేసిన నర్సు తర్వాత సన్యాసినిగా మారింది. ఆమె వచ్చి అడిగితే మొదలైన పని అది, 1951లో పూర్తయింది. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. ఎండ పడినప్పుడు ఆ తెల్లటి నేల మీద రంగులు పరుచుకుంటాయి. మనకూ అదే కావాలి. తంగేడు పసుపు, మోదుగు ఎరుపు, పాలపిట్ట నీలం పెడితే ఏ మతం తాతకైనా మన ఊరే గుర్తొస్తుంది.

వృద్ధుల వార్డు నర్సు:
తమ్ముడూ, నేల మీద రంగులు పరుచుకుంటాయి అన్నావు చూడు, నా భయమంతా దాని గురించే.

మా వార్డులో డిమెన్షియా ఉన్న ఒక అవ్వ నల్ల డోర్‌మ్యాట్ దగ్గరికి రాగానే ఆగిపోయేది. కాలి బొటనవేలితో అంచు తడిమి చూసి, గోడ పట్టుకుని పక్క నుంచి పోయేది. ఆమె కంటికి అది గుంత. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి నేల మీది ముదురు మచ్చ గుంతలాగో, నీళ్లలాగో కనిపిస్తుంది. పడమటి కిటికీకి తేట నీలం అద్దం పెడితే సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి నడిచే దారిలో నీలం మడుగు గీస్తుంది. దాన్ని దాటబోయి తడబడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే ఎంతమంది మళ్లీ తమంతట తాము నడుస్తారో మేం చూస్తూనే ఉన్నాం.

ఇక రంగుల సంగతి. వయసు పెరిగేకొద్దీ కంట్లోని కటకం పసుపెక్కుతుంది. అరవై ఏళ్ల మనిషి కంటి వెనక పొరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ల మనిషికి చేరే దాంట్లో సుమారు మూడో వంతే. ముందుగా దెబ్బతినేది నీలం. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే తేడా తెలియదు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు నీలం మళ్లీ తేటగా కనిపిస్తుంది కానీ ఆశ్రమంలో అందరికీ ఆపరేషన్ అయి ఉండదు. డిజైన్ గీసేవాళ్ల కళ్లు పడుచు కళ్లు. పసుపు జిలెటిన్ కాగితం రెండు మూడు మడతలు పెట్టి, కళ్లకు అడ్డం పెట్టుకుని మీ స్కెచ్ చూడండి. పాలపిట్ట ఎగిరిపోతుంది, తంగేడు మిగులుతుంది.

ఎత్తు గురించి ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు. వీల్‌చెయిర్‌లో కూర్చున్న మనిషి కన్ను నేలకు నాలుగడుగులకు అటూ ఇటూ ఉంటుంది. నడుము వంగిన వాళ్లు మెడ ఎత్తలేరు. చర్చి అనగానే మనం కిటికీని తలకు పైన పెడతాం. ఎంత గొప్ప ఆరోహణం గీసినా వాళ్లకు కనిపించేది కిటికీ కింది గోడే. అందుకే బొమ్మలా, రంగులా అనేది నాకు రెండో ప్రశ్న. కిటికీని కిందికి దించండి, అది మొదలు.

అద్దాల మేస్త్రీ (కరీంనగర్):
అక్క చెప్పినట్టు కిందికి దించితే పెద్దవాళ్లు చేత్తో తడుముతారు. ముక్కల మధ్య ఉండే పట్టీ సీసం. చేతికి అంటుకుని నోట్లోకి పోకూడదు. లోపలి వైపు టఫెన్డ్ గ్లాస్ ఒక పలక బిగించాల్సిందే. బయట కోతుల కోసం జాలీ. పలక పెద్దదైతే అడ్డకడ్డీలకు కట్టాలి, లేకపోతే మన ఎండలకు సీసం సాగి కొన్నేళ్లకు అద్దం పొట్ట పెడుతుంది. ఇంకో మాట, ఐదు కిటికీలూ మూసేసి బిగిస్తే మే నెలలో లోపల ఎవరూ కూర్చోలేరు. పైభాగం తెరుచుకునేలా పెట్టండి.

ఫాతిమానగర్ వాసి:
కిందికి దించాలన్న మాట ఒప్పుకుంటాను అక్కా, నాకు తట్టలేదు. అంతమాత్రాన యేసయ్యను తీసేయాలా? క్రైస్తవులు కానివాళ్లకు ఇబ్బంది అంటున్నారు, వాళ్లను ఎవరైనా అడిగారా? మెదక్‌కు అన్ని మతాల వాళ్లూ వస్తారు, ఆ బొమ్మల ముందు చేతులు జోడిస్తారు.

వృద్ధుల వార్డు నర్సు:
తీసేయమని నేననలేదు. తూర్పున పెట్టండి. పొద్దుటి ప్రార్థనకు వెలుతురు అటు నుంచే వస్తుంది. మూడు ఘట్టాలు ఇరికించకుండా ఒక్కటే తీసుకోండి. ముఖం అరచేతి కన్నా పెద్దగా ఉండాలి, గీతలు తక్కువ, వెనక లేత పసుపు. చిన్న చిన్న దేవదూతలను నింపితే ఆ కళ్లకు గజిబిజి తప్ప ఏమీ అందదు. పడమటి మూడింటికి తేట అద్దం వద్దు, పాలరంగు అద్దం వాడండి. అది వెలుతురును చెదరగొడుతుంది, నేల మీద మచ్చ పడదు. మతీస్ కూడా నీలం, ఆకుపచ్చ తేటగా ఉంచి పసుపును మాత్రం మసక అద్దంగా చేయించాడు.

అయితే తూర్పున పెట్టేది సిలువ మాత్రం కాకూడదని నా మాట. నొప్పులతో మూలుగుతూ కూర్చునే మనిషి కళ్ల ఎదుట రోజూ మేకులు, నెత్తురు ఎందుకు? గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరిగా యేసయ్య చాలు.

ఫాతిమానగర్ వాసి:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. నొప్పి తెలిసిన దేవుడు కాబట్టే నొప్పిలో ఉన్నవాళ్లు ఆయన్ను పిలుస్తారు. మా అమ్మ చివరి నెలల్లో పట్టుకున్నది సిలువనే.

గాజుపని (హనుమకొండ):
కిటికీ అడుగు అంచు రెండున్నర అడుగులకు దించుతూ గోడ డ్రాయింగ్ మార్చమని ఇవాళే ఇంజినీర్‌కు చెప్పాను, గోడ లేవకముందే తెలిసింది. పడమటికి పాలరంగు అద్దం, తంగేడు పూలు. తూర్పుకు కాపరిది ఒకటి, సిలువది ఒకటి, రెండూ అసలు సైజులో కాగితం మీద గీసి ఆశ్రమం హాల్లో కుర్చీల ఎత్తున అంటిస్తాను. దాతల కన్నా ముందు అక్కడ ఉండేవాళ్లు చూడాలి. వాళ్లేమన్నారో ఇక్కడ రాస్తాను.