షిఫ్టు డ్యూటీకి నమ్మదగ్గ ఓపెన్ సోర్స్ అలారం యాప్ ఏది?

అందరికీ నమస్కారమండి. మాది వైజాగ్, గాజువాక. వారం వారం మారే షిఫ్టు డ్యూటీ. ప్రకటనలు లేకుండా, అడ్డమైన పర్మిషన్లూ అడగని అలారం యాప్ కోసం, ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్‌లో వెతుకుతున్నాను.

ఇదివరకు సింపుల్ క్లాక్ వాడేవాణ్ణి. 2023 చివర్లో దాన్ని తయారుచేసిన సింపుల్ మొబైల్ టూల్స్ వేరే కంపెనీ చేతికి వెళ్ళాక, ఆ కోడ్ నుంచే పుట్టిన ఫాసిఫై క్లాక్‌కి మారాను. టైమర్లకైతే దానికి వంక పెట్టలేం. పేర్లు పెట్టుకుని ఒకేసారి రెండు మూడు నడపొచ్చు. కుక్కర్‌కి ఒకటి, మోటార్ ఆపడానికి ఒకటి అని మా అమ్మే ఎక్కువ వాడుతోంది!

నా గొడవ అలారంతో. సోమ, మంగళ అని రోజులు పెట్టుకుంటే షిఫ్టు మారగానే అంతా మళ్ళీ దిద్దుకోవాలి. క్రోనో అనే ఇంకో యాప్‌లో తేదీల వారీగా పెట్టుకోవచ్చు, లెక్క చేస్తే గానీ ఆగని అలారం కూడా ఉంది. నిద్రమత్తులో ఆ లెక్కలు మనవల్ల కాదు గానీ, తేదీల సంగతి నచ్చింది.

అయితే మా ఫోన్ రాత్రిళ్ళు యాప్‌లని నిద్రపుచ్చేస్తుంది. బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేశాను, ఆండ్రాయిడ్ 12 నుంచి వచ్చిన అలారం పర్మిషన్ కూడా ఇచ్చాను. అయినా అప్పుడప్పుడూ ఆలస్యంగా మోగుతోంది. ఇంకేం మార్చాలి?

మరొకటి: అర్ధరాత్రి అప్‌డేట్ వచ్చి ఫోన్ రీస్టార్ట్ అయితే, పిన్ కొట్టకముందే అలారం మోగేది ఈ రెండింట్లో ఏది? స్వయంగా పరీక్షించి చూసినవాళ్ళు చెప్పండి. కొత్త ఫోన్ కొనమని మాత్రం అనకండి.