బేర్‌ఫుట్ బూట్లు ఒకటే జత: మన మడలకీ, మన్యానికీ, మోంటానా కొండలకీ సరిపోతుందా?

మడపిట్ట:
నమస్తే అండి. మాది తాళ్ళరేవు పక్కన. పిట్టల ఫొటోల పిచ్చి, చలికాలం వచ్చిందంటే కోరింగ మడ అడవుల వెంట, గోదావరి లంకల్లో, నాలుగు రోజులు సెలవు దొరికితే రంపచోడవరం, మారేడుమిల్లి వైపు తిరుగుతుంటాను. విషయం ఏంటంటే మా అక్కావాళ్ళు అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంటారు, బావకి అక్కడ ఎల్క్ (అక్కడి పెద్ద జాతి దుప్పి) వేట అలవాటైంది. లైసెన్సు, ట్యాగు (జంతువుకి ఇచ్చే అనుమతి చీటీ) అన్నీ తీసుకుని చేసేదే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉందని నాకూ తెలుసు, ఇక్కడ వేట గురించి అడగట్లేదు, దయచేసి ఆ గొడవలోకి వెళ్ళొద్దు. సెప్టెంబర్‌లో విల్లుతో వేటాడే సీజన్ మొదలవుతుంది, ఈసారి కెమెరా తీసుకుని నన్ను కూడా వెంట రమ్మన్నాడు.

బావ ఈ మధ్య బేర్‌ఫుట్ బూట్లే వేస్తున్నాడట. సోల్ పల్చగా ఉంటుంది, మడమ దగ్గర ఎత్తు ఉండదు, వేళ్ళ దగ్గర వెడల్పు. కాలికింద ఎండుపుల్ల ఉందంటే బరువు వెయ్యకముందే తెలిసిపోతుంది కాబట్టి చప్పుడు కాకుండా జంతువుకి దగ్గరగా పోవచ్చంటాడు. నాకు కావాల్సిందీ అదే. పైగా నా పాదం ముందువైపు బాగా వెడల్పు, మామూలు ట్రెకింగ్ బూట్లు వేస్తే సాయంత్రానికి చిటికెనవేలు నలిగిపోతుంది.

ఒకటే జత కొని అన్నిచోట్లా వాడొచ్చా? చీలమండ కప్పేదే కావాలి, రక్తపింజర భయం ఉందిగా. జీరో షూస్, వివోబేర్‌ఫుట్, జిమ్ గ్రీన్ వాళ్ళవి చూశాను. బావ కొని పంపిస్తానంటున్నాడు, అదే మొహమాటం, పనికిరాని జత చెప్పి ఆయన డబ్బులు తగలెయ్యకూడదు.

లంకలో_రైతు:
అబ్బాయ్, మన్యం, మోంటానా నాకు తెలీదు, లంకల సంగతి చెప్తా విను. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పు అడుగులోంచి దిగి అరికాల్లో విరుగుతుంది, పీకినా మొన లోపలే ఉండిపోయి వారం రోజులు కుంటాలి. నువ్వు చెప్పే సోల్ ఆ చెప్పు కన్నా పల్చన కదా? కోసిన రెల్లు మోళ్ళు ఇంకో రకం, అవి ఏటవాలుగా తెగి నిలబడి ఉంటాయి, నువ్వేమో పిట్ట వైపు చూస్తూ నడుస్తావు. మోకాలి దాకా గమ్ బూటు కొనుక్కో, ఐదారు వందల్లో వస్తుంది. పాము కాట్లు ఎక్కువగా పడేది పాదం మీదా, చీలమండ చుట్టూనే, దానికీ అదే మేలు. ఒకవేళ కరిచినా గుడ్డ బిగించి కట్టడం, బ్లేడుతో గాటు పెట్టడం లాంటివి చెయ్యకుండా కాలు కదపకుండా ఆస్పత్రికి పొండి, మా వైపు ఇప్పటికీ ఆకు పసరు దగ్గర గంట పోగొట్టేవాళ్ళు ఉన్నారు.

కొండవాగు:
రైతు గారు చెప్పిన ముల్లు మాట నిజం, గమ్ బూటు మాట మాత్రం గట్టు మీద వరకే. మడల్లో దాంతో దిగి చూడండి, కాలు పైకి వస్తుంది, బూటు బురదలోనే ఉంటుంది. అక్కడ లేసులతో చీలమండ దాకా బిగించేదే నిలబడుతుంది. ఇంకో సంగతి, తెల్లమడ చెట్ల కింద ఊపిరి వేర్లు బురదలోంచి పెన్సిళ్ళలా నిక్కి ఉంటాయి, వాటి మధ్య గుల్లలు, విరిగిన ఆలుచిప్పలు. ఇవి గుచ్చుకోవడం కన్నా కోసుకోవడం ఎక్కువ, సోల్ పక్క నుంచి, పై గుడ్డలోంచి. పీతలకి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోనే దిగుతారు, వాళ్ళ కాళ్ళు వేరు, ఎక్కడ అడుగు వెయ్యాలో వాళ్ళకున్న తెలివిడి వేరు. వాళ్ళని చూసి మనం దిగకూడదు. అసలు అభయారణ్యంలో మామూలు మనుషులు చెక్క దారి మీదో, పడవలోనో తిరగాలి గాని బురదలో కాదు, కాబట్టి మడల కోసం రెండొందల డాలర్ల బూటు గురించి ఆలోచించకండి. అంతగా కావాలంటే ఆర్మీ సామాన్ల షాపుల్లో దొరికే కాన్వాస్ జంగిల్ బూటు ఉంది. అడుగు దాదాపు చదునే, పిక్క కిందదాకా లేసులు, ఉప్పునీళ్ళకి పాడైనా ఏడుపు రాదు. వేళ్ళ దగ్గర ఇరుకు, అదొక్కటే మీకు ఇబ్బంది.

మారేడుమిల్లి వైపు అయితే నేను బేర్‌ఫుట్ బూట్లే వేస్తాను, అక్కడ మీ బావగారి మాట అక్షరాలా నిజం. ఎండుటాకుల మీద మునివేళ్ళ పక్క అంచు ముందు ఆనించి, కింద ఏముందో తెలుసుకుని, తర్వాత బరువు వెయ్యొచ్చు. గట్టి సోల్ వేసుకున్నవాడు మడమ ముందు వేస్తాడు, ఆ చప్పుడు యాభై గజాల దాకా వినపడుతుంది. వాగుల్లో రాయి మీద పాదం వంగి పట్టుకుంటుంది, ఇది కూడా బాగుంటుంది. కానీ పాచి పట్టిన రాయి మీద పల్చనా మందమా అనేది కాదు, రబ్బరు మెత్తదనం, అడుగున పళ్ళ లోతు, అవే లెక్క. నగరాల్లో తొడుక్కునే నున్నటి బేర్‌ఫుట్ బూట్లు ఉంటాయి, పేరు ఒకటే కదా అని అవి కొంటే వాగులో స్నానమే.

భయపడాల్సింది నరికిన వెదురు మొదళ్ళకి. కత్తితో ఏటవాలుగా కొడతారు, ఆకుల కింద కనపడవు. ముల్లు ఆపే ఇన్‌సోల్స్ (బూటు లోపల పాదం కింద వేసేవి) ఉంటాయి, దారాలతో నేసినవి, ఇనప రేకులా కాకుండా పాదంతో పాటు వంగుతాయి. ఫ్యాక్టరీ బూట్లకి వాడేవే. ఒకటి గుర్తుంచుకోండి, వాటికి పాత ప్రమాణంలో పరీక్ష 4.5 మిల్లీమీటర్ల మేకుతో, 1100 న్యూటన్ల బలంతో చేసేవాళ్ళు. తుమ్మ ముల్లు మొన అంతకన్నా చాలా సన్నం, నేత దారాల మధ్య దూరిపోవచ్చు. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల మేకుతో పరీక్షించినవి వస్తున్నాయి, అవి చూడండి.

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది మన వైపు వద్దే వద్దు. వాగు నీళ్ళు పైనుంచి లోపలికి పోయాక ఇక బయటికి రావు, రోజంతా కాళ్ళు నానుతాయి, రెండో రోజుకి చర్మం తెల్లగా మెత్తబడి బొబ్బలు. నీళ్ళు వచ్చి పోయేదే మేలు.

అమలాపురం_టు_ఐడహో:
ఆయ్, మాది అమలాపురమేనండి, ఉండేది ఐడహోలో బోయిసీ. మోంటానాకి పక్క రాష్ట్రం, కొండలు ఇంచుమించు అవే. నేనూ లైసెన్సు తీసుకుని సెప్టెంబర్‌లో వెళ్తుంటాను, కాబట్టి అటు వైపు సంగతి చెప్తాను.

విల్లు వేటంటే జంతువుకి ముప్పై నలభై గజాల్లోకి పోవాలి. చివరి రెండొందల గజాలు గంటసేపు పాకినట్టు నడుస్తారు, కొంతమంది అక్కడ బూట్లు విప్పేసి మేజోళ్ళతో పోతారు కూడా. ఆ పనికి పల్చటి బూటుని మించింది లేదు. తేలిక కూడా కలిసొస్తుంది, పరిగెత్తేవాళ్ళ మీద కొలిచిన లెక్కలో ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే ఖర్చయ్యే శక్తి దాదాపు 1 శాతం పెరుగుతుంది, రోజంతా ఎక్కి దిగితే అది తొడల్లో తెలుస్తుంది.

అసలు కష్టం ఎల్క్ పడ్డాక మొదలవుతుంది, ఈ విషయం మీ బావగారు చెప్పారో లేదో. వెనక తొడ ఒక్కటే ఎముకతో పాతిక, ముప్పై కిలోలు. కెమెరా మాత్రమే మోస్తానని మీరు అనుకుంటున్నారు గాని, బావ ముప్పై కిలోలు వీపున వేసుకుంటే మీరు చేతులూపుకుంటూ దిగలేరు. ఆ బరువుతో ఏటవాలు కొండకి అడ్డంగా నడిచేటప్పుడు గట్టి బూటు అంచు నేలలో కొరికి నిలబడుతుంది, మెత్తటి సోల్ వాలుతో పాటు వంగిపోతుంది, చీలమండ పని మొత్తం పిక్కలు చెయ్యాలి. వదులు రాళ్ళ వాలులో దిగడం అయితే ఒక్కో కోణం అరికాల్లో గుచ్చుతూనే ఉంటుంది. అలవాటున్నవాళ్ళు చేస్తారు, చూశాను. కొత్తవాళ్ళకి నేను చెప్పను.

తూర్పు మోంటానా అయితే ఇంకో బెడద, నేలబారు నాగజెముడు. గడ్డిలో కలిసిపోయి ఉంటుంది, పల్చటి సోల్‌లోంచి ముళ్ళు శుభ్రంగా దిగుతాయి. పడమర వైపు అడవి కొండలైతే అంత లేదు. బావగారు ఏ వైపు వెళ్తారో ముందు కనుక్కోండి. కొండ మీద సెప్టెంబర్‌లో కూడా మంచు పడొచ్చు, తడి నేల చలి పల్చటి సోల్‌లోంచి నేరుగా పైకి వస్తుంది. ఒక సైజు పెద్దది తీసుకుంటే ఊలు మేజోడు, పల్చటి ఊలు ఇన్‌సోల్ పడతాయి. మన వైపు పనికిరాని వాటర్‌ప్రూఫ్ బూటు అక్కడ పనికొస్తుంది, అందుకే ఒకటే జత అన్నది కుదరని బేరం.

మధ్యేమార్గం కావాలంటే మడమ ఎత్తు లేకుండా, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉండి, అడుగు మాత్రం కాస్త మందంగా ఉండేవి ఉంటాయి. ఆల్ట్రా, లెమ్స్ వాళ్ళవి ఆ కోవే. మీ చిటికెనవేలు గొడవ తీరిపోతుంది, అరికాలు బతుకుతుంది. స్పర్శ కొంత పోతుంది, తప్పదు.

కాకినాడ_ఫిజియో:
బూటు ఏది అనే దానికన్నా ఎప్పటి నుంచి అనేది ముఖ్యం. 2013లో అమెరికాలో ఒక పరిశోధనలో పరిగెత్తే అలవాటున్న 36 మందిని తీసుకుని, సగం మందిని పది వారాల్లో మెల్లగా పల్చటి షూలకి మార్చారు, మార్చిన 19 మందిలో 10 మందికి ఎమ్మారైలో పాదం ఎముకల లోపల వాపు కనిపించింది. అవి విరగడానికి ముందు మెట్టు. వాళ్ళు పరిగెత్తారు, మీరు నడుస్తారు, తేడా ఉంది, కానీ మీరు బరువు కూడా మోస్తారు. ఇప్పటి నుంచి సెప్టెంబర్‌కి ఆరు నెలలు ఉంది కాబట్టి సరిపోతుంది. మొదట ఇంట్లో, తర్వాత కాలవ గట్టు మీద పావుగంట, వారం వారం కొంచెం పెంచండి. పిక్క నొప్పి మామూలే, రెండు రోజుల్లో పోతుంది. పాదం పైన ఒకే చోట వేలితో నొక్కితే చురుక్కుమంటే మాత్రం ఆపేసి చూపించుకోండి.

సుగర్ ఉండి అరికాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఈ బూట్లు వద్దు. ముల్లు దిగినా తెలియని కాలికి పల్చటి సోల్ ప్రమాదం.

బేర్‌ఫుట్ వల్ల అన్ని నొప్పులూ పోతాయని చెప్పే వీడియోలు నమ్మకండి. ఐదువేళ్ళ షూలు అమ్మే విబ్రమ్ కంపెనీ ఆరోగ్య లాభాల ప్రచారం మీద పడ్డ కేసులో 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీ పడింది. అలాగని అంతా బూటకం అనీ అనను. మణిపాల్ డాక్టర్లు 2300 మంది పిల్లల పాదముద్రలు చూసి 1992లో రాశారు, చెప్పులు వేసుకునేవాళ్ళలో చదును పాదాలు 8.6 శాతం, ఉత్తకాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8. ముఖ్యంగా వేళ్ళు మూసుకుపోయే బూట్లతో ఇబ్బంది ఎక్కువన్నారు. మీ చిటికెనవేలు చెప్పేది అదే.

మడపిట్ట:
అందరికీ థాంక్సండి. బావని అడిగాను, పడమర వైపు అడవేనట, మాంసం మోయాల్సి వస్తుందని మాత్రం ఇప్పుడు నవ్వుతూ ఒప్పుకున్నాడు. అయితే మన్యానికి, అలవాటు చేసుకోవడానికి ఒక పల్చటి జత, వాటర్‌ప్రూఫ్ కానిది. మోంటానాకి ఐడహో అన్న చెప్పిన మధ్యేమార్గం జత, అది అక్కడికి వెళ్ళాక తొడిగి చూసే కొంటాను. లంకలకి రైతు గారి గమ్ బూటే. కొండవాగు గారూ, పల్చటి జతకి ఇక్కడి నుంచి సైజు ఎలా చెప్పాలి? నాకు మామూలుగా 8 నంబరు పడుతుంది.

కొండవాగు:
నంబరు చెప్పకండి, బ్రిటన్ 8 వేరు, అమెరికా 8 వేరు. సాయంత్రం పూట, తిరిగి వచ్చాక, మేజోడు వేసుకుని కాగితం మీద నిలబడి రెండు పాదాలకీ గీత గీయించుకోండి, కూర్చుని గీస్తే పొట్టిగా వస్తుంది. పెన్సిల్ నిటారుగా ఉండాలి. మడమ నుంచి పొడవాటి వేలి దాకా మిల్లీమీటర్లలో కొలిచి, పెద్ద పాదానికి పది, పన్నెండు మిల్లీమీటర్లు కలిపి, ఆ కంపెనీ పట్టికలో లోపలి కొలత ఎంతో చూడండి. వెడల్పు కూడా బొటనవేలి కణుపు దగ్గర కొలవండి. ముల్లు ఆపే ఇన్‌సోల్ వేస్తానంటే దాని మందం కూడా లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే పాదం పైభాగం నొక్కుకుంటుంది. కాగితం ఫొటో తీసి బావగారికి పంపండి, షాపులో బూటు ఇన్‌సోల్ బయటికి తీసి దాని కొలతతో పోల్చమనండి.